సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు. వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడైన ఈయన 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు, 1951 నుండి పలుమార్లు భారత జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఈయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలోను, 1962 జకార్తా ఆసియా క్రీడలలోను స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానంలో నిలిచింది. ఈ రెండు స్వర్ణాల మధ్య కాలాన్నే భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగమని చరిత్రకారులు పేర్కొంటారు. ఆ కాలపు మేటి ఆటగాళ్ల జాబితాలు ఎన్ని తయారైనా వాటిలో రహీం పేరు కనిపించదు, ఎందుకంటే ఈయన ఆ కాలంలో ఆటగాడు కాడు. అయితే ఆ జాబితాలలో కనిపించే పేర్లలో ఎక్కువ భాగం ఈయన చేతిమీదుగా తయారైనవే. క్రీడాకారులు, అభిమానులు ఈయనను రహీం సాబ్ అని గౌరవంగా పిలిచేవారు.

బాల్యం, ఉపాధ్యాయ వృత్తి

రహీం అప్పటి నిజాం రాజ్యానికి రాజధాని అయిన హైదరాబాదు నగరంలో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. తరువాత నగరంలోని స్థానిక క్లబ్బుల తరఫున కూడా ఆడి మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నాడు.

చదువు పూర్తయిన తరువాత ఉపాధ్యాయ వృత్తిని చేపట్టాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన ప్రాంతాలలోని పాఠశాలలలో పనిచేశాడు. కొంతకాలానికి వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, తాను పనిచేసిన పాఠశాలలలో క్రీడల బాధ్యతను కూడా స్వీకరించాడు. తరగతి గదిలో అలవడిన ఓర్పు, ఒక్కొక్క విద్యార్థి శక్తిని విడివిడిగా గుర్తించే అలవాటు తరువాతి కాలంలో ఈయన శిక్షణ విధానానికి పునాదులయ్యాయి. పాఠం అర్థం కాని విద్యార్థిని నిందించడానికి బదులు పాఠం చెప్పే పద్ధతిని మార్చుకోవాలనే ఉపాధ్యాయ ధర్మాన్ని ఈయన మైదానంలో కూడా పాటించాడని చెప్పవచ్చు.

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం

1940ల తొలి సంవత్సరాలలో రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మరణించే వరకు ఆ పదవిలో కొనసాగాడు. అప్పట్లో దేశంలో ఫుట్‌బాల్‌కు ప్రధాన కేంద్రం కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బులు అక్కడివే. హైదరాబాదుకు అంత పెద్ద క్లబ్బులు గాని, ధనబలం గాని లేవు. ఆ లోటును పూరించడానికి రహీం బాలుర స్థాయి నుండి ఆటను పెంచే మార్గాన్ని ఎంచుకున్నాడు. నగరంలోని పాఠశాలల పిల్లలకు పోటీలు ఏర్పాటు చేశాడు. తక్కువ మంది ఆటగాళ్లతో చిన్న మైదానాలలో ఆడే పోటీలను ప్రోత్సహించాడు.

ఈయన ప్రవేశపెట్టిన పోటీలలో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ఆ పోటీలో ఆటగాడు తనకు అలవాటైన కాలితో కాక, బలహీనమైన రెండవ కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలి ఆటగాడు ఎడమ కాలితో, ఎడమకాలి ఆటగాడు కుడికాలితో ఆడవలసి వచ్చేది. ఈ విధంగా రెండు కాళ్లతోను సమానంగా ఆడగలిగే ఆటగాళ్లు నగరంలో తయారయ్యారు. బంతిని ఎక్కువసేపు తన వద్ద ఉంచుకోకుండా వెంటనే సహచరునికి అందించే అలవాటు కోసం కూడా ఈయన ప్రత్యేక నియమాలతో ఆటలు ఆడించేవాడు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

1950లో రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ రోజులలో భారతదేశంలో ఫుట్‌బాల్ అధికారికంగా ఔత్సాహిక క్రీడ మాత్రమే. ఆటను వృత్తిగా చేసుకొని జీతం తీసుకునే పద్ధతి ఇంకా రాలేదు. ఆటగాళ్లు పోలీసు శాఖలోనో, రైల్వేలోనో, సైన్యంలోనో ఉద్యోగం చేస్తూ ఆ సంస్థ తరఫున ఆడేవారు. సిటీ పోలీసు జట్టులోని వారు కూడా పోలీసు ఉద్యోగులే.

ఈ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు గెలుచుకుంది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్‌ను 1950లో తొలిసారిగా గెలిచింది. 1954లోను, 1957లోను మళ్లీ అదే కప్‌ను సాధించింది. రాష్ట్రాల పునర్విభజన తరువాత ఈ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టుగా మారి 1961లో మరొకసారి డ్యూరాండ్ కప్ గెలిచింది. హైదరాబాదు రాష్ట్ర జట్టు సైతం 1956-57, 1957-58 సంవత్సరాలలో వరుసగా రెండుసార్లు జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని గెలుచుకుంది. ఈ విజయాలతో కలకత్తా క్లబ్బులు హైదరాబాదు ఆటగాళ్లను తమ వైపు ఆకర్షించసాగాయి. పలువురు ఆటగాళ్లు కలకత్తాకు తరలివెళ్లినా వారి స్థానంలో కొత్తవారిని తయారు చేయడం రహీం విశిష్టత.

తొలి స్వర్ణం, తొలి గుణపాఠం

1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలోని భారత జట్టుకు రహీం శిక్షకుడు. భారత జట్టు ఇండోనేషియాను 3-0 తేడాతోను, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0 తేడాతోను ఓడించి ఫైనల్ చేరుకుంది. ఫైనల్‌లో సాహు మేవాలాల్ చేసిన ఏకైక గోల్‌తో ఇరాన్‌పై 1-0 తేడాతో గెలిచి స్వర్ణ పతకం సాధించింది.

మరుసటి సంవత్సరం హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో ఇందుకు పూర్తిగా భిన్నమైన ఫలితం వచ్చింది. 1952 జూలైలో జరిగిన మ్యాచ్‌లో యుగోస్లేవియా చేతిలో భారత్ 10-1 తేడాతో ఓడిపోయింది. భారత జట్టులో చాలామంది అప్పటికీ బూట్లు లేకుండా ఆడేవారు. చలిలో, తడి పచ్చికపై అలా ఆడడం ఎంత కష్టమో ఈ మ్యాచ్ తెలియజేసింది. దీని తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్లు బూట్లు ధరించి ఆడడాన్ని తప్పనిసరి చేసింది. రహీం ఈ ఓటమిని అవమానంగా భావించి ఊరుకోలేదు. యూరప్ జట్ల ఆటను అధ్యయనం చేశాడు. ముఖ్యంగా హంగేరీ జట్టు తన సెంటర్ ఫార్వర్డ్‌ను కొంత వెనుకకు జరిపి ఆడించే పద్ధతిని గమనించాడు.

అప్పటివరకు భారత జట్లు పాత వ్యూహాన్నే అనుసరించేవి. రహీం క్రమంగా 4-2-4 వ్యూహం వైపు మళ్లాడు. అంటే వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ విజయంతో ఈ వ్యూహం ప్రపంచమంతటా ప్రసిద్ధి చెందింది. అంతకు ముందే రహీం దీనిని భారత జట్టుతో ప్రయోగించాడని ఫుట్‌బాల్ చరిత్రకారులు పేర్కొంటారు.

మెల్‌బోర్న్ ఒలింపిక్స్

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టుకు సమర్ బెనర్జీ నాయకుడు. ఈ జట్టులో హైదరాబాదుకు చెందినవారు అధిక సంఖ్యలో ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మొదలైనవారు వీరిలో ముఖ్యులు.

హంగేరీ జట్టు పోటీ నుండి వైదొలగడంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనల్‌కు చేరుకుంది. డిసెంబర్ 1న ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. ఈ మ్యాచ్‌లో బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడు ఇతడే. సెమీ ఫైనల్‌లో మళ్లీ యుగోస్లేవియాయే ఎదురైంది. ద్వితీయార్ధంలో డిసౌజా గోల్‌తో భారత్ ఆధిక్యం సాధించినా చివరకు 4-1 తేడాతో ఓడింది. కాంస్య పతకం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0 తేడాతో ఓడి నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం సాధించిన అత్యుత్తమ స్థానం ఇదే. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ ఇచ్చిన జట్టుపైనే కొంతసేపు ఆధిక్యంలో నిలవడం ఆ నాలుగేళ్లలో జరిగిన కృషికి కొలమానం.

రోమ్ ఒలింపిక్స్

1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో పి.కె.బెనర్జీ భారత జట్టుకు నాయకుడు. హంగేరీ, ఫ్రాన్స్, పెరూ దేశాలున్న కఠినమైన గ్రూపులో భారత్ ఆడవలసి వచ్చింది. తరువాత కాంస్య పతకం గెలిచిన హంగేరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడింది. ఈ మ్యాచ్‌లో బలరాం గోల్ చేశాడు. ఫ్రాన్స్‌పై బెనర్జీ గోల్‌తో ఆధిక్యంలోకి వెళ్లినా చివరి నిమిషాలలో ఫ్రాన్స్ స్కోరు సమం చేయడంతో మ్యాచ్ 1-1తో ముగిసింది. పెరూతో 3-1 తేడాతో ఓడిపోవడంతో భారత్ ముందుకు వెళ్లలేకపోయింది. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఈ ఒలింపిక్ జట్టులో సభ్యుడు. భారత ఫుట్‌బాల్ జట్టు ఆ తరువాత ఒలింపిక్ క్రీడలకు అర్హత సాధించలేదు.

జకార్తా స్వర్ణం

1962 ఆసియా క్రీడల నాటికి రహీం కేన్సర్ వ్యాధితో బాధపడుతున్నాడు. అయినా చునీ గోస్వామి నాయకత్వంలోని జట్టుతో జకార్తా వెళ్లాడు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో భారత్ 2-0 తేడాతో ఓడిపోయింది. తరువాత థాయిలాండ్‌ను 4-1 తేడాతోను, జపాన్‌ను 2-0 తేడాతోను ఓడించి సెమీ ఫైనల్ చేరుకుంది.

థాయిలాండ్‌తో జరిగిన మ్యాచ్‌లో రక్షణ శ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు తీవ్రమైన గాయమై కుట్లు పడ్డాయి. అటువంటి ఆటగాడిని తప్పించడమో, వెనుకనే ఉంచడమో సాధారణంగా జరిగేది. రహీం మాత్రం అతనిని ముందు వరుసకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. కళాశాల రోజులలో జర్నైల్ ఆ స్థానంలో ఆడి ఉండడమే ఈ నిర్ణయానికి ఆధారం. రక్షణ శ్రేణి మధ్యలో అరుణ్ ఘోష్‌ను నిలిపాడు. సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3-2 తేడాతో సాధించిన విజయంలో గోస్వామి రెండు గోల్స్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశారు.

ఫైనల్ నాటికి పరిస్థితి భారత్‌కు పూర్తిగా ప్రతికూలంగా మారింది. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధి తప్పుబట్టాడు. ఆగ్రహించిన జనం జకార్తాలోని భారత రాయబార కార్యాలయంపై దాడి చేశారు. సెప్టెంబర్ 4న సుమారు లక్ష మంది ప్రేక్షకుల మధ్య జరిగిన ఫైనల్‌లో భారత జట్టుకు మైదానమంతటా వ్యతిరేక నినాదాలే వినిపించాయి. పాకిస్తాన్ హాకీ జట్టు సభ్యులు మాత్రం తమను ప్రోత్సహించారని ఆనాటి ఆటగాళ్లు తరువాతి కాలంలో గుర్తుచేసుకున్నారు.

ప్రత్యర్థి మళ్లీ దక్షిణ కొరియా. జ్వరం నుండి కోలుకున్న పీటర్ తంగరాజ్ గోల్ కీపర్‌గా తిరిగి వచ్చాడు. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోల్స్ చేశారు. చివరి నిమిషాలలో దక్షిణ కొరియా ఒక గోల్ చేసినా భారత్ 2-1 తేడాతో గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఇది రెండవ స్వర్ణం. ఆ తరువాత ఈ పతకం మళ్లీ రాలేదు.

ఆ దశాబ్దపు మేటి ఆటగాళ్లు

1951-62 మధ్య కాలంలో భారతదేశంలో మేటి ఆటగాడు ఎవరనే ప్రశ్న అభిమానుల మధ్య చాలాకాలంగా చర్చనీయాంశంగా ఉంది. ఈ చర్చలో సాధారణంగా ముందు వినిపించే పేర్లు మూడు: పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరాం. ముగ్గురూ ముందు వరుస ఆటగాళ్లే. వీరిని భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులుగా వ్యవహరిస్తారు.

కుడివైపు నుండి వేగంగా దూసుకువెళ్లి బలంగా గోల్ కొట్టడంలో బెనర్జీ దిట్ట. 1961లో అర్జున పురస్కారాన్ని ప్రవేశపెట్టినపుడు ఫుట్‌బాల్‌లో దానిని పొందిన మొదటివాడు ఇతడు. 2004లో ఫిఫా శతాబ్ది గౌరవాన్ని కూడా అందుకున్నాడు. గోస్వామి బంతిపై అదుపుకు, ప్రత్యర్థులను తప్పించుకుపోయే నేర్పుకు పేరుపొందాడు. తన ఆటజీవితమంతా మోహన్ బగాన్ తరఫుననే ఆడాడు. సికింద్రాబాదులోని అమ్ముగూడకు చెందిన బలరాం ముందు వరుసలో ఏ స్థానంలోనైనా ఆడగలిగినవాడు. గోల్ చేయడమే కాక ఇతరుల చేత గోల్ చేయించడంలో కూడా సమర్థుడు. అనారోగ్యం వలన ఇరవై ఏడేళ్ల ప్రాయంలోనే ఆట విరమించవలసి రావడంతో మిగిలిన ఇద్దరికి లభించినంత ప్రఖ్యాతి అతనికి దక్కలేదు.

గోల్స్ సంఖ్యను బట్టి మాత్రమే స్థానాలు నిర్ణయిస్తే రక్షకులకు, గోల్ కీపర్లకు అన్యాయం జరుగుతుంది. జర్నైల్ సింగ్ 1960ల మధ్యకాలంలో ఆసియా ఆల్ స్టార్స్ జట్టుకు నాయకత్వం వహించాడు. హైదరాబాదులో జన్మించిన తంగరాజ్ 1958లో ఆసియాలో ఉత్తమ గోల్ కీపర్‌గా గుర్తింపు పొందాడు. మధ్య వరుసలో నూర్ మహమ్మద్, కెంపయ్య వంటివారు చేసిన కృషి గోల్స్ పట్టికలో కనిపించదు. మెల్‌బోర్న్‌లో నాలుగు గోల్స్‌తో అత్యధిక గోల్స్ చేసినవారి సరసన నిలిచిన డిసౌజా పేరు సైతం ఈ చర్చలలో తరచుగా మరుగున పడిపోతుంది. ఆనాటి మ్యాచ్‌ల చిత్రాలు కూడా చాలా తక్కువగా మిగిలాయి. కాబట్టి ఇటువంటి జాబితాలు కొంతవరకు జ్ఞాపకాలపైన, అభిమానంపైన ఆధారపడక తప్పదు.

రహీం పనితీరును గమనిస్తే ఈ ప్రశ్నకు మరొక కోణం కనిపిస్తుంది. ఈయన ఆటగాళ్లను ఒకరికంటే ఒకరు గొప్ప అనే వరుసలో కాక, ఏ మ్యాచ్‌లో ఎవరు ఎక్కడ ఉపయోగపడతారనే దృష్టితో చూశాడు. ఉత్తమ రక్షకుడు అవసరాన్ని బట్టి ఫైనల్‌లో ఫార్వర్డ్ అయ్యాడు. హైదరాబాదుకే చెందిన యూసుఫ్ ఖాన్ వంటి ఆటగాళ్లను ఒకటికంటే ఎక్కువ స్థానాలలో ఆడించాడు. బెనర్జీ, గోస్వామి, బలరాం ముగ్గురిలో ఎవరు గొప్ప అనే చర్చ నేటికీ తేలలేదు గాని, జకార్తాలో ముగ్గురూ ఒకే జట్టులో, ఒకరికి ఒకరు అడ్డురాకుండా ఆడగలగడం మాత్రం శిక్షకుని ప్రతిభ.

శిష్యులతో అనుబంధం

రహీం ఆటగాళ్లతో కఠినంగా ఉన్నప్పటికీ వారి కష్టసుఖాలను తెలుసుకొని ఆదుకునేవాడు. పేద కుటుంబంలో పుట్టిన బలరాంకు అమ్ముగూడ నుండి నగరానికి వచ్చి సాధన చేయడానికి తగిన స్తోమత లేకపోగా రహీం సైకిలు అద్దెకు డబ్బు ఇచ్చి రప్పించేవాడు. ఆ సహాయం లేకపోతే తాను ఆటలో ముందుకు వచ్చేవాడిని కానని బలరాం పలు సందర్భాలలో కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. మ్యాచ్‌కు ముందు ఆటగాళ్లతో మాట్లాడి వారిలో ధైర్యం నింపడంలో కూడా రహీంకు మంచి పేరు ఉంది. బెనర్జీ తరువాతి కాలంలో స్వయంగా శిక్షకుడై 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు శిక్షణ ఇచ్చినవారిలో ఒకడయ్యాడు.

మరణం, అనంతరం

జకార్తా నుండి తిరిగి వచ్చిన తరువాత రహీం ఆరోగ్యం వేగంగా క్షీణించింది. 1963 జూన్ 11న, 53 సంవత్సరాల వయసులో మరణించాడు. 1964లో భారత జట్టు ఆసియా కప్‌లో ద్వితీయ స్థానం పొందింది. ఆ జట్టులో రహీం వద్ద ఆడినవారు పలువురున్నారు. ఆ తరం విరమించిన కొద్దీ భారత జట్టు అంతర్జాతీయ స్థాయిలో వెనుకబడింది. హైదరాబాదు నగరం కూడా ఫుట్‌బాల్‌లో తన పూర్వ వైభవాన్ని క్రమంగా కోల్పోయింది.

ఈయన శిష్యులలో పలువురు అర్జున పురస్కారం పొందారు. బలరాం (1962), గోస్వామి (1963), జర్నైల్ సింగ్ (1964), యూసుఫ్ ఖాన్ (1966), తంగరాజ్ (1967) వారిలో కొందరు. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి రహీం మరణించి 22 సంవత్సరాలు గడిచాయి. కుమారుడు హకీం అంతర్జాతీయ రెఫరీగాను, శిక్షకునిగాను సేవ చేసి 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. ఇతడు 2021 ఆగష్టులో మరణించాడు.

2020లో బెనర్జీ, గోస్వామి కొద్ది వారాల తేడాతో మరణించారు. 2023 ఫిబ్రవరిలో బలరాం మరణించడంతో త్రిమూర్తుల తరం ముగిసింది. రహీం జీవితం ఆధారంగా అమిత్ శర్మ దర్శకత్వంలో అజయ్ దేవగణ్ ప్రధాన పాత్రధారిగా నిర్మించిన హిందీ చిత్రం మైదాన్ 2024లో విడుదలైంది. ఈయన మరణించిన అరవై సంవత్సరాల తరువాత వచ్చిన ఈ చిత్రం వలన ఫుట్‌బాల్ అభిమానులకు వెలుపల ఉన్న కొత్త తరానికి కూడా ఈ హైదరాబాదు ఉపాధ్యాయుని పేరు పరిచయమైంది.